తంపర నీటిపై ఒక ఉదయం

పక్షులను చూడబోయేవారు కళ్ళను గురించి ఆలోచిస్తారు గాని, చేతులను గురించి ఆలోచించరు. టెక్కలి సమీపాన, నౌపడ తంపరలో, ఒక మాఘమాసపు ఉదయం మాకు ఈ సంగతి తెలిసివచ్చినది. తంపర అంటే ఆ ప్రాంతపు వారి మాటలో నీరు నిలిచే పల్లపు భూమి. ఒకవైపు ఉప్పుమళ్ళు, మరొకవైపు గడ్డి, నడుమ కదలిక లేని నీరు.

మేము ఎక్కినది కయాక్ అనే సన్నని పడవ. ఉత్తర ధ్రువ ప్రాంతపు ఇన్యూట్ జనులు సీలు చర్మాన్ని చట్రంపై బిగించి, వేట కోసం దీనిని కల్పించుకొన్నారు. ఇంచుమించు నీటిమట్టాననే కూర్చొని, రెండు కొసలా రెక్కలున్న తెడ్డును మెల్లగా ముంచితే అలికిడి ఉండదు. వేటగానికి అక్కరకు వచ్చిన ఆ నిశ్శబ్దమే నేడు పక్షులను చూడవచ్చిన మాకు ఉపకరించినది.

ఎర్రకాళ్ళ కొంగలు లోతులేని నీటిలో, సగం తెరచిన ముక్కును ముంచి, అటూ ఇటూ ఊపుతూ నడుస్తున్నవి. వాటికి చేప కనబడనక్కరలేదు; ముక్కుకు తగిలితే చాలు, ముక్కు మూతపడుతుంది. కొంచెం లోతున గూడబాతులు ఈదుతున్నవి. పేరుకు తగినట్లే, చేలకు నీరు తోడే గూడ వంటి సంచి వాటి ముక్కు క్రింద ఉన్నది. చేపతోపాటు నీటినీ తోడి, నీరు వార్చి, చేపను మ్రింగుతున్నవి.

ఇంకొంచెం దగ్గరగా చూడవలెనని రెండుమార్లు తెడ్డు వేసినాము. వెంటనే ఒక కొంగ మేత మాని, మెడ నిటారుగా ఎత్తినది. అదే హెచ్చరిక. తెడ్డు ఒడిలో పెట్టుకొని, చేతులు ముడుచుకొన్నాము. కొంతసేపటికి అది మళ్ళీ ముక్కు ముంచినది.

ఈ పక్షులు సైబీరియానుంచి వస్తవని ఒక వాడుక ఉన్నది. నిజానికి ఈ రెండు జాతులూ మన దేశపు పక్షులే. సెప్టెంబరులో తేలినీలాపురం చేరి, ఊరి చెట్లపై గూళ్ళు కట్టి, పిల్లలను పెంచుకొని, వేసవి మొదట వెడలిపోతవి. కనుక వాటిని అతిథులనడం కన్న, పురిటికి పుట్టింటికి వచ్చిన ఆడపడుచులనడం సబబు. వాటి రొదనూ, రెట్టల వాసననూ ఆ గ్రామస్థులు ఓర్చుకొంటున్నారు. అవి రావడం ఊరికి శుభమని నమ్ముతారు.

చెట్టును ఊరు కాపాడగలదు. మరి మేతను? 2021 డిసెంబరులో మొదలై, కొన్ని వారాలలోనే తేలినీలాపురంలో నూటికి పైగా గూడబాతులు మరణించినవి. తిన్న చేపల ద్వారా నులిపురుగులు సోకడమే కారణమని తేలినది. గూడు పదిలంగానే ఉన్నది. చేటు నీటినుంచి వచ్చినది.

ఈ నీటిపై ఆధారపడినవి పక్షులు మాత్రమే కావు. తంపర భూములలో విద్యుత్కేంద్రం వద్దని కాకరాపల్లి పరిసరాల రైతులు, జాలరులు ప్రతిఘటించగా, 2011 ఫిబ్రవరిలో పోలీసు కాల్పులలో ప్రాణాలే పోయినవి. కొంగకు మేత ఇచ్చే నీరే వారికీ జీవిక.

శ్రోతలలో ఎవరైనా తేలినీలాపురం వెళ్ళితే, చెట్లను చూచి తిరిగిరాక, తంపర వైపు కూడ ఒకమారు నడవండి. పక్షి మెడ ఎత్తినచోట ఆగండి. పురిటికి వచ్చిన బిడ్డకు గది ఒక్కటే ఇస్తే చాలదు, అన్నమూ పెట్టవలెను. ఆ అన్నం ఈ నీటిలో ఉన్నది.