జాగా కొనే ముందు



సొంతానికి ఇంత జాగా ఉండాలని ఏ ఇల్లాలికుండదు? నల్లగొండ, పాలమూరు ఊళ్లలో తెల్లకాగితం మీద 'సాదా బైనామా' రాసుకుని భూములు కొన్నవారిని మీరెరుగుదురు. నమ్మకం మంచిదే. కాని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం, వంద రూపాయలు, ఆపైన విలువ చేసే స్థిరాస్తి అమ్మకం రిజిస్టరయితేనే చెల్లుతుంది.

ఆ చట్టంలోని 55వ సెక్షను అమ్మేవారికి కొన్ని బాధ్యతలు పెట్టింది. అడిగితే హక్కు పత్రాలు చూపాలి. అమ్మిన నాటివరకు పన్ను బకాయిలు తీర్చాలి. తనకు తెలిసిన ముఖ్యమైన లోపం చెప్పాలి. దాస్తే అది మోసమే.

అయితే ఇందులో ఒక మెలిక ఉందమ్మా! మామూలు శ్రద్ధతో మనమే కనిపెట్టగల లోపాన్ని చెప్పే బాధ్యత అతనికి లేదు. దారిలేని ప్లాటు, నీళ్లు నిలిచే పల్లం మనమే చూసుకోవాలి.

అందుకని బయానా ఇవ్వకముందే మీరూ వెళ్లి జాగా చూడండి. సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో ఈసీ తీయించండి. అమ్మేవారి ఇంట్లో ఆడపిల్లల వాటా ఉంటే వారి సంతకమూ అడగండి. పేదలకు సర్కారిచ్చిన అసైన్డ్ భూమి చవగ్గా వస్తోందంటే ఆశపడకండి. దాని క్రయవిక్రయాలను 1977 చట్టం నిషేధించింది.

అడగడానికి మొగమాటమెందుకు? పోయేది మన కష్టార్జితం కదా!