లాంచీ దిగాక అసలు ప్రయాణం: లింగాలగట్టు నుంచి శ్రీశైలం గుడి దాకా

సాగర్–శ్రీశైలం లాంచీ గురించి వీడియో పెట్టినప్పటి నుంచి నాకు ఎక్కువగా వస్తున్న ప్రశ్న ఒకటే. "అన్నా, లాంచీ దిగాక గుడికి ఎలా వెళ్ళాలి? అమ్మానాన్నలతో వస్తున్నాం, ఇబ్బందేమీ ఉండదు కదా?" మాది సున్నిపెంటే. లాంచీ దిగినవాళ్ళు మా ఊరి మీదుగానే కొండెక్కుతారు. కాబట్టి ఈ ఎపిసోడ్ మొత్తం ఆ చివరి ముక్క గురించే.

ముందు ఒక కన్‌ఫ్యూజన్ తీసేద్దాం. శ్రీశైలానికి లాంచీలు రెండు వైపుల నుంచి వస్తాయి. ఒకటి నాగార్జునసాగర్ నుంచి, ఇంకోటి నాగర్‌కర్నూల్ జిల్లా సోమశిల నుంచి. రెండూ తెలంగాణ టూరిజం వాళ్ళవే. రెండూ కృష్ణమ్మ మీద వంద కిలోమీటర్ల పైమాటే, ఆరేడు గంటల ప్రయాణం. 2024 నవంబర్‌లో మళ్ళీ మొదలైనప్పుడు ఒకవైపు టికెట్ పెద్దలకి 2,000, పిల్లలకి 1,600 రూపాయలు పెట్టారు. జనం రెండింటినీ "శ్రీశైలం లాంచీ" అనే అంటారు. కానీ రెండూ ఒకేచోట ఆగవు. ఎందుకంటే మధ్యలో డ్యామ్ ఉంది!

సోమశిల లాంచీ డ్యామ్‌కి పైన, రిజర్వాయర్‌లో వస్తుంది. అది ఆగేది పాతాళగంగ దగ్గర. సాగర్ లాంచీ డ్యామ్‌కి కింద నుంచి వస్తుంది. డ్యామ్ దాటి పైకి రాలేదు కాబట్టి కింద లింగాలగట్టు దగ్గరే ఆగుతుంది. పాతాళగంగ నుంచి రోప్‌వే ఎక్కితే నేరుగా శ్రీశైలంలో తేలతారు. లింగాలగట్టులో రోప్‌వే లేదు. అక్కడి నుంచి ఘాట్ రోడ్డు ఎక్కి, సున్నిపెంట దాటి, సాక్షి గణపతి గుడి మీదుగా దాదాపు పద్నాలుగు కిలోమీటర్లు వెళ్ళాలి. మ్యాప్‌లో చూస్తే మాత్రం గుడి పక్కనే ఉన్నట్టు కనిపిస్తుంది. అక్కడే చాలామంది దెబ్బతింటారు.

పోయిన చలికాలంలో లింగాలగట్టు దగ్గర ఒక కుటుంబాన్ని చూశాను. ఆరుగురు. అందులో ఒక అవ్వ, మోకాళ్ళ నొప్పులు. "రోప్‌వే ఎక్కడ బాబూ?" అని అందరినీ అడుగుతున్నారు. కొండల మధ్య లోయ కదా, ఎండ తొందరగా పోతుంది. లాంచీలో వచ్చినవాళ్ళు చాలామంది తమ బస్సులు ఎక్కి వెళ్ళిపోయారు. వీళ్ళకి ఫోన్‌లో సిగ్నల్ లేదు, చేతిలో నోట్లు లేవు. చివరికి సున్నిపెంట ఆటో అన్న ఒకాయన రెండు ట్రిప్పులు వేసి ఎక్కించాడు. ఏ ప్రమాదమూ జరగలేదు. కానీ ఆ గంటసేపు అవ్వ మొహంలో కనిపించిన భయం చూశాక, ఈ వీడియో చేయాల్సిందే అనిపించింది.

సరే, ఇప్పుడు ఏం చేయాలో చూద్దాం.

ఒకటి. టికెట్ కొనేటప్పుడే అడగండి: "లింగాలగట్టు నుంచి పైకి బస్సు మా టికెట్‌లో ఉందా, లేదా?" ప్యాకేజీ టూర్ వేరు, ఒట్టి లాంచీ టికెట్ వేరు. బస్సు లేదంటే ముందురోజే ఆటోనో, కారో మాట్లాడి పెట్టుకోండి. లాడ్జివాళ్ళని అడిగినా కుదురుస్తారు. ఓలా, ఊబర్ నమ్ముకుని రాకండి.

రెండు. లాంచీ గట్టుకి తగిలి, తాడు కట్టేదాకా లేవకండి. లైఫ్ జాకెట్ నేల మీద కాలు పెట్టాకే విప్పండి. ఊరు కనబడగానే అందరూ ఫొటోల కోసం ఒకే పక్కకి వచ్చేస్తారు, అది మంచిది కాదు. 2019 సెప్టెంబర్ 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర బోటు మునిగినప్పుడు అందులో 77 మంది ఉన్నారు. యాభై మంది దాకా పోయారు. నీళ్ళ మీద జాకెట్ అనేది ఫార్మాలిటీ కాదు.

మూడు. దిగాక రాళ్ళ మీదికి సెల్ఫీకి వెళ్ళకండి. మీరున్నది డ్యామ్ కింద. పైన 12 క్రెస్ట్ గేట్లు, పక్కన పవర్‌హౌస్‌లు. ఎడమగట్టు పవర్‌హౌస్‌లో ఉన్నవి రివర్సిబుల్ టర్బైన్లు. అంటే కరెంటు తయారుచేస్తూ నీళ్ళు కిందికి వదలగలవు, కింది నీళ్ళని మళ్ళీ పైకి తోడగలవు. అందుకే ఇక్కడ నీటిమట్టం మారుతూ ఉంటుంది. సైరన్ వినబడితే ఇంకేమీ ఆలోచించకుండా గట్టు ఎక్కేయండి.

నాలుగు. ఆటో ఎక్కేముందు రెండే ప్రశ్నలు. "సీటుకా, ఆటో మొత్తానికా?" "గుడి దాకానా, సున్నిపెంట వరకేనా?" ఈ రెండూ తేలితే సగం గొడవలు ఉండవు. నంబర్ ప్లేట్ ఫొటో ఇంట్లోవాళ్ళకి పంపండి. నల్లమలలో సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది, కాబట్టి ఉన్నప్పుడే పంపేయాలి. ఆఫ్‌లైన్ మ్యాప్ ముందే దించుకోండి. చేతిలో కొంచెం చిల్లర, నోట్లు ఉంచుకోండి. హైదరాబాద్–శ్రీశైలం ఆర్టీసీ బస్సులు కూడా ఈ దారిలోనే వెళ్తాయి, అదీ గుర్తుపెట్టుకోండి.

ఐదు. టైమ్. ఇది టైగర్ రిజర్వ్. రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా అడవి చెక్‌పోస్టుల దగ్గర బండ్లు ఆపేస్తారు. అటు హైదరాబాద్ వైపు దోమలపెంట–మన్ననూరు మధ్య, ఇటు దోర్నాల వైపు కూడా అంతే. "దర్శనం చేసుకుని రాత్రికే వెళ్ళిపోదాం" అనుకునేవాళ్ళు ఈ లెక్క ముందే వేసుకోండి. చీకటి పడ్డాక ఘాట్ రోడ్డులో నడవడం, తెలియనివాళ్ళ బైక్ ఎక్కడం అసలు వద్దు. చిరుతలు మా ఊరి ఇళ్ళ దగ్గరికే వస్తున్నాయి, భయపెట్టడానికి చెప్పడం లేదు. బాగా ఆలస్యమైతే సున్నిపెంటలోనే ఆగిపోండి. ప్రభుత్వ ఆసుపత్రి ఉంది, టూటౌన్ పోలీస్ స్టేషన్ ఉంది. పొద్దున్నే వెళ్ళినా మల్లన్న ఏమీ అనుకోడు.

ఆరు. గది. దేవస్థానం పేరుతో నకిలీ వెబ్‌సైట్లు ఉన్నాయని దేవస్థానమే హెచ్చరించింది. ఎవరి పర్సనల్ నంబర్‌కో డబ్బులు కొట్టమంటే కొట్టకండి. మోసపోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి. మిగతా ఎమర్జెన్సీకి 112, అంబులెన్స్‌కి 108.

సోమశిల నుంచి వచ్చేవాళ్ళకి రెండు మాటలు. పాతాళగంగ రోప్‌వే చీకటి పడకముందే ఆపేస్తారు, అది అందుకోవాలి. 2024 నవంబర్ 9న ముఖ్యమంత్రి విజయవాడ నుంచి సీప్లేన్‌లో వచ్చి దిగింది ఇక్కడే, ఆయనా ఆ రోప్‌వేలోనే పైకి వెళ్ళారు. రోప్‌వే దొరక్కపోతే ఉన్నవి మెట్లు, అవి వందల్లో ఉంటాయి. పధ్నాలుగో శతాబ్దంలో ప్రోలయ వేమారెడ్డి పాతాళగంగకి మెట్లు కట్టించాడు. అంటే నది దగ్గర నుంచి గుడికి జనం క్షేమంగా చేరడం ఎలా అని ఆ కాలంలోనే ఒక రాజు ఆలోచించాడు. మనం లాంచీలో ఏ సీటు బాగుంటుందో పది వీడియోలు చూస్తాం గానీ, దిగాక ఏంటన్నది మాత్రం దిగాకే ఆలోచిస్తాం. అది మార్చుకుంటే చాలు.

కాబట్టి లాంచీ ఎక్కకముందే మూడు తేల్చుకోండి: ఏ రేవులో దిగుతున్నాం, పైకి ఎలా వెళ్తున్నాం, ఎన్నింటికల్లా చేరాలి. ముసలివాళ్ళని తీసుకొచ్చే మీ ఫ్రెండ్స్ ఎవరైనా ఉంటే ఈ వీడియో వాళ్ళకి పంపండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. క్షేమంగా రండి, ఉంటాను మరి.