కాలేజీకి పేరు తెచ్చేది

పట్టాలు అందుకుంటున్న మీ అందరికీ హృదయపూర్వక అభినందనలు.

ఏటా ఇంటర్ ఫలితాలు రాగానే మన ఇళ్లలో ఒకటే ప్రశ్న: రాష్ట్రంలో మంచి కాలేజీ ఏది? వెబ్ ఆప్షన్లు పెట్టే రోజు దాకా ఆ చర్చ తెగదు. 2016 నుంచి కేంద్రం జాతీయ ర్యాంకులు ప్రకటిస్తోంది. బోధన వసతులు, పరిశోధన, పట్టభద్రుల ఫలితాలు, అన్ని వర్గాలకూ అందుబాటు, జనంలో ఉన్న పేరు: ఈ ఐదింటినీ తూచి వరుస నిర్ణయిస్తారు. ఆ లెక్క అవసరమే. డబ్బు, కాలం ఖర్చుపెట్టే కుటుంబానికి ఏదో ఒక కొలత కావాలి. కానీ ఈ గోదావరి గడ్డ మీద చదువుల చరిత్ర చూస్తే ఆ తూకానికి అందని గొప్పతనం కనబడుతుంది. నేను చెప్పదలచుకున్నది దాని గురించే.

1853లో జిల్లా పాఠశాలగా మొదలైన రాజమహేంద్రవరం ఆర్ట్స్ కాలేజీకి గత శతాబ్దం తొలినాళ్లలో ఆస్వాల్డ్ కూల్డ్రే ప్రిన్సిపాల్‌గా ఉన్నారు. ఊళ్లో బొమ్మలు గీసుకునే దామెర్ల రామారావును ఆయన గుర్తుపట్టారు. బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చదవడానికి దారి చూపారు. అడివి బాపిరాజు కూడా ఆయన ప్రోత్సాహంతో ఎదిగినవారే. రామారావు మూడు పదులు నిండకుండానే 1925లో కన్నుమూశారు. అప్పటికే సొంత ఊరికి తిరిగివచ్చి, శిష్యులను తయారుచేసి, ఆంధ్ర చిత్రకళకు ఒక బాట వేసి వెళ్లారు. సిలబస్‌లో లేని ప్రతిభను కూడా గుర్తించే గురువు ఉన్న కాలేజీ ఏ వరుసలో నిలిచినా గొప్పదే.

కాకినాడ పిఠాపురం రాజావారి కాలేజీకి 1904 నుంచి 1919 దాకా రఘుపతి వెంకటరత్నం నాయుడు గారు ప్రిన్సిపాల్. ఆడపిల్ల గడప దాటడమే తప్పుగా చూసిన రోజుల్లో ఆయన కాలేజీలో ఆడపిల్లలను చేర్చుకున్నారు. పేద విద్యార్థులకు తన జీతంలోంచి సాయం చేశారు. ఎవరిని రానిచ్చిందన్నది కూడా కాలేజీ గొప్పతనమే.

మూడో ఉదాహరణ మార్టేరు. అక్కడ పట్టాలివ్వరు, స్నాతకోత్సవాలు జరగవు. అది వరి పరిశోధనా కేంద్రం. 1982లో అక్కడి నుంచి విడుదలైన ఎం.టి.యు. 7029ను మన రైతు స్వర్ణ అంటాడు. డెల్టా దాటి ఒడిశా, బెంగాల్, బంగ్లాదేశ్ పొలాలకు చేరిందా వంగడం. తరువాత ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ శాస్త్రవేత్తలు దానికి ముంపును తట్టుకునే జన్యువును జోడించారు. అలా పుట్టిన స్వర్ణ సబ్-1 వరద నీటిలో రెండు వారాల దాకా మునిగినా బతుకుతుంది. మన పొలాల మధ్య సాగిన చదువు ముంపు ప్రాంతాల రైతుల కంచంలో అన్నమైంది.

ఒకప్పుడు ఇక్కడి పిల్లలు పై చదువంటే వాల్తేరు విశ్వవిద్యాలయం వైపు చూసేవారు. ఇప్పుడు కాకినాడలో 1946 నాటి ఇంజనీరింగ్ కాలేజీ జె.ఎన్.టి.యు.గా ఎదిగింది. 1958 నుంచి రంగరాయ వైద్య కళాశాల ఉంది. 2006లో నన్నయ పేరిట ఈ విశ్వవిద్యాలయం వచ్చింది. వెంకటరామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం, తాడేపల్లిగూడెంలో 2015 నుంచి ఎన్.ఐ.టి. ఉన్నాయి. అయినా ఇన్ని చదువుల నడుమ శివారు ఆయకట్టుకు నీరందడం లేదు. తీర గ్రామాల్లో బోరు వేస్తే ఉప్పునీరు పడుతోంది. లంకల్లో ఏటా వరద భయం. రొయ్యల చెరువుల పక్కన వరి చేలు చౌడు తేలుతున్నాయి. ఈ సమస్యలు మన తరగతి గదుల్లోకి రావాలి. వాటి పరిష్కారాలు మన ల్యాబుల్లోంచి గట్టు మీదికి వెళ్లాలి.

మీలో చాలామంది హైదరాబాదుకో, బెంగళూరుకో, అమెరికాకో వెళతారు. వెళ్లండి. ఇక్కడే ఉండిపొమ్మని అడగను. రెండు పనులు మాత్రం అడుగుతాను. మొదటిది: మీ విద్య ఏదైనా సరే, ఈ డెల్టా సమస్య ఒక్కదాన్ని మీదిగా పెట్టుకోండి. రెండోది: వచ్చే వేసవిలో మీ వీధిలో పిల్లలు ఏ కాలేజీలో చేరమంటారని మిమ్మల్నే అడుగుతారు. ర్యాంకు చెప్పి ఊరుకోకండి. ఏ మాస్టారు ఓపిగ్గా వింటారో, ఏ ల్యాబ్‌లో పరికరాలు నిజంగా పనిచేస్తాయో, ఆడపిల్లల హాస్టల్ ఎలా ఉందో, లైబ్రరీ ఎప్పటిదాకా తెరిచి ఉంటుందో నిజం చెప్పండి. లోపం ఉంటే దాన్ని సరిచేయడానికి పూర్వ విద్యార్థిగా వచ్చి నిలబడండి.

ఇవాళ ఈ విశ్వవిద్యాలయం మీకు పట్టా ఇచ్చింది. రేపు దాని పేరు నిలబెట్టవలసినవాళ్లు మీరే. మీ చదువు పదిమందికి అక్కరకు రావాలని, మీకు మేలు జరగాలని మనసారా ఆశీర్వదిస్తున్నాను.