బంగారు రేకు మీద నాడి పలుకు
(ఆచార్య జగదీశ్ చంద్ర బోస్ స్మారకోపన్యాసం)



బోస్ పేరు వినగానే మనకు అత్తిపత్తి మొక్క గుర్తొస్తుంది. నిజానికి ఆయన కృషి రెండు పాయలుగా సాగింది. 1897లో ఆయన రెండు గాజు ముక్కల మధ్య గాలి సందును పెంచుతూ, తగ్గిస్తూ, విద్యుదయస్కాంత తరంగం ఒకదాన్నుంచి రెండోదానిలోకి ఎప్పుడు దాటుతుందో కొలిచారు. సంపూర్ణాంతర పరావర్తనం జరిగేచోట కూడా తరంగం గాజు అంచు దాటి కొద్ది దూరం బయటికి వస్తుందన్న సంగతి అందులో ఉంది. 1902లో వచ్చిన ‘రెస్పాన్స్ ఇన్ ది లివింగ్ అండ్ నాన్ లివింగ్’ గ్రంథంలో ఆయన జంతు కణజాలం, మొక్క, లోహం ఈ మూడింటి విద్యుత్ స్పందనలనూ పక్కపక్కన పెట్టి పరిశీలించారు. గాజు అంచు దాటే తరంగం ఒక పాయ, ప్రాణి పుట్టించే విద్యుత్తు మరొకటి. ఈ రెండూ ఇవాళ ఒక పలుచని బంగారు పూత మీద కలుసుకుంటున్నాయి. ఆ సంగతే ఈ రోజు మీ ముందుంచుతాను.

1. వెలుగు మాయమయ్యే కోణం

అదే 1902లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో ఆర్. డబ్ల్యూ. వుడ్ సన్నని గీతలున్న లోహపు గ్రేటింగ్ మీద దీపకాంతి పడనిచ్చి, వర్ణపటాన్ని చూశారు. ఒకచోట వెలుగు ఉన్నట్టుండి పడిపోయింది. సోడియం పసుపు గీతలు రెండింటికీ మధ్య ఉన్నంత ఇరుకు జాగాలోనే ఆ మార్పంతా జరిగిపోయింది. కారణం ఆయనకు అంతుపట్టలేదు. పలుచని లోహపు పొరల ఉపరితలం వెంబడి ఎలక్ట్రాన్లు మూకుమ్మడిగా కంపించగలవని 1957లో రిచీ సిద్ధాంతం చెప్పింది. ఆ కంపనాలే సర్ఫేస్ ప్లాస్మాన్లు, వుడ్‌కు అంతుపట్టని కారణం అవే. 1968లో మ్యూనిక్‌లో ఆటో, హాంబర్గ్‌లో క్రెష్‌మన్, రేథర్ మామూలు పట్టకంతోనే వాటిని లేపే మార్గాలు చూపారు.

అమరిక సులువుగానే ఉంటుంది. గాజు పట్టకం ఒక ముఖానికి సుమారు 50 నానోమీటర్ల మందాన బంగారు పూత వేస్తారు. గాజు వైపు నుంచి తగిన ధ్రువణం ఉన్న ఎర్రని లేజర్ కాంతిని పంపి, కోణాన్ని కొద్దికొద్దిగా మారుస్తూ పోతారు. పరావర్తనమై వచ్చే కాంతి ఒక కోణం దగ్గర దాదాపు సున్నాకు పడిపోతుంది. అక్కడ గాజు అంచు దాటిన తరంగం ద్వారా కాంతి శక్తి ఎలక్ట్రాన్ల కంపనంలోకి వెళ్లిపోతుంది. బంగారానికి అవతల, ఒకటి రెండు వందల నానోమీటర్ల లోపు ఉన్న పదార్థం ఏమాత్రం మారినా ఆ కోణం జరుగుతుంది. 1983లో స్వీడన్‌లోని లింకోపింగ్ పరిశోధకులు దీన్ని వాయువులను, ప్రొటీన్లను పసిగట్టే సెన్సరుగా మలిచారు. మందుల పరిశోధనశాలల్లో ఇది ఇప్పుడు నిత్యం వాడే పరికరం.

2. లక్షకు నాలుగు

ప్రొటీను అంటుకుంటే కోణం మారడం అర్థమవుతుంది. విద్యుత్తుకు ఎందుకు మారుతుంది? ఉప్పునీటిలో ఉన్న బంగారానికి వోల్టేజి మారితే దాని ఉపరితలం మీద ఎలక్ట్రాన్లు పెరుగుతాయి లేదా తగ్గుతాయి. నీటి వైపు అయాన్లు కూడా తదనుగుణంగా సర్దుకుంటాయి. ఈ రెండు మార్పులూ ప్లాస్మాన్ కోణాన్ని కదుపుతాయి.

ఎంత కదుపుతాయో లెక్క వేద్దాం. బంగారం, నీరు కలిసే చోట చదరపు సెంటీమీటరుకు 20 మైక్రోఫారడ్ల కెపాసిటెన్స్ ఉందనుకుందాం. 100 మిల్లీవోల్టుల మార్పుకు 2 మైక్రోకూలుంబుల ఆవేశం చేరుతుంది. అంటే సుమారు 12.5 లక్షల కోట్ల ఎలక్ట్రాన్లు. ఆ పూతలో అప్పటికే ఉన్నవాటితో పోలిస్తే ఇది లక్షకు నాలుగు. నాడీకణం పొరకు అటూ ఇటూ వోల్టేజి 100 మిల్లీవోల్టుల మేర మారే మాట నిజమే, కానీ కణం బయట ఉన్న బంగారానికి అందేది సాధారణంగా పదుల నుంచి వందల మైక్రోవోల్టులే. 100 మైక్రోవోల్టులనుకుంటే లెక్క పది కోట్లకు నాలుగుకు దిగుతుంది. పైగా అది మిల్లీసెకనులో ముగిసిపోతుంది.

కాంతికీ ఒక హద్దుంది. ఒక మిల్లీవాట్ ఎర్రని లేజర్ మిల్లీసెకనుకు ఇచ్చే ఫోటాన్లు సుమారు 3 లక్షల కోట్లు. వాటి సహజమైన హెచ్చుతగ్గులే కోటికి ఆరు దాకా ఉంటాయి. ఒకే స్పందనను వందసార్లు రాబట్టి సగటు తీస్తే ఈ గోల పదో వంతుకు తగ్గుతుంది.

3. ఇంత కష్టం ఎందుకు?

గాజు సూదిని కణానికి బిగిస్తే కొలత కచ్చితంగా వస్తుంది, కానీ ఒకేసారి చూడగలిగేవి కొద్ది కణాలు, పైగా వాటికి దెబ్బ తగులుతుంది. ఎలక్ట్రోడ్ల పలక ఉన్నచోటే వింటుంది, మధ్యలో జరిగేది వినదు. మెరిసే రంగులు కణానికి హాని చేయవచ్చు, కాంతికి వెలిసిపోతాయి కూడా. బంగారు పూత అయితే ప్రతి బిందువూ సెన్సరే. కెమెరాతో మొత్తం ఉపరితలాన్ని ఒకేసారి చదవవచ్చు.

2008లో కొరియా పరిశోధకులు ఎలుక తుంటి (సయాటిక్) నాడిని ప్రేరేపించి, దాని స్పందనను ఈ పద్ధతిలో నమోదు చేశారు. 2010లో అరిజోనా స్టేట్ విశ్వవిద్యాలయంలో నాంగ్‌జియన్ టావ్ బృందం ఎలక్ట్రోడు మీద ఏ చోట ఎంత కరెంటు పారుతోందో ప్లాస్మాన్ చిత్రంగా చూపింది. తర్వాత అదే దారిలో ఒంటరి కణాల విద్యుత్ చర్యల వైపు సాగింది.

4. రుజువు బరువు

ఇక నేను గట్టిగా చెప్పదలచిన మాట. వెలుగు మారిందనడం చాలదు, విద్యుత్తు వల్లనే మారిందని తేల్చాలి. నాడి స్పందించినప్పుడు దాని కాంతి గుణాలే మారతాయని హిల్, కీన్స్ 1949లోనే పీత నాడుల్లో చూశారు. అక్కడ బంగారమే లేదు. కణం నానోమీటరు కదిలినా కోణం జరుగుతుంది. నీరు ఒక డిగ్రీ వేడెక్కితే వక్రీభవన గుణకం పదివేలకు ఒకటి చొప్పున మారుతుంది. మనం వెతికే సంకేతం దీని ముందు ఎంత?

అందుకే కొన్ని పరీక్షలు తప్పనిసరి. కాంతి కనిష్ఠంగా ఉన్న కోణానికి అటొకసారి, ఇటొకసారి నిలబడి కొలవండి. కోణమే జరిగి ఉంటే మార్పు గుర్తు తారుమారవుతుంది. లేజరు మిణుకైతే రెండు వైపులా ఒకేలా ఉంటుంది. సోడియం దారులను మూసే టెట్రోడోటాక్సిన్ వేసి చూడండి, స్పందన ఆగాలి. అయితే విద్యుత్తుతో పాటు కదలికా ఆగిపోతుంది కాబట్టి ఇది ఒక్కటే చాలదు. అదే క్షణంలో ఎలక్ట్రోడుతోనూ కొలవాలి. కణం లేని బంగారానికి తెలిసిన వోల్టేజి ఇచ్చి, ఎంతకెంత వస్తుందో ముందే పట్టిక వేసుకోవాలి. ఈ నాలుగూ పూర్తి చేశాకే నాడి పలికిందనాలి.

విద్యార్థులారా, బోస్ తన పరికరాలను తానే రూపొందించుకున్నారు. ఆయన తేల్చిన వాటిని అందరూ ఒప్పుకోలేదు, కొన్నిటి మీద వాదం చాలా కాలం నడిచింది. కొలత మాత్రం ఎవరైనా మళ్లీ చేసి చూడగలిగేలా ఉండాలన్నది ఆయన పట్టుదల. పట్టకం, చిన్న లేజరు, తిరిగే బల్ల, ఫోటోడయోడు మన కళాశాలల్లో దొరికేవే. బంగారు పూత ఒక్కటే బయట వేయించుకోవాలి. మొదటి ఏడాది నాడీకణం జోలికి వెళ్లకండి. ఉప్పునీటిలో ఉన్న బంగారానికి వోల్టేజి ఇచ్చి, కోణం కదలికను కొలిచి, పైన చెప్పిన లెక్కతో సరిపోల్చండి. తేడా ఎక్కడ వచ్చిందో వెతకండి. ఆ వెతుకులాటలో నేర్చుకున్నవాళ్లే రేపు ప్రాణి విద్యుత్తు గురించి నమ్మదగిన మాట చెప్పగలుగుతారు. ఆచార్య బోస్‌కు మనం అర్పించగల నివాళి అదే.