తెరమీది ఎండ

అనంతపురము జిల్లాకు పడమటి అంచున, కన్నడ సీమ పొలిమేరలో కుందుర్పి కలదు. ఊరిచెంత దుర్గమును మోయు రాతికొండ, చుట్టును వేరుసెనగ చేలు. జిల్లాలో సాలుసరి వర్షపాతము సుమారు 550 మిల్లీమీటర్లే. వానకు కరవైన ఆ సీమలో ఎండకు కరవు లేదు. వేసవి మధ్యాహ్నమున బండమీది వెలుగునకును, కోటగోడ నీడకును గల తారతమ్యము అక్కడివారి కన్నులకు తెలియును. ఆ దుర్గమునే ఒక కంప్యూటర్ ఆటలో చూపదలచితిమనుకొందము. ఆ ఎండ తెరమీదికి వచ్చుట యెట్లు?

తెర వెలుగును 'నిట్ల'లో కొలుతురు. చదరపు మీటరు మేర నుండి ఒక్క కొవ్వొత్తిపాటి కాంతి వెలువడినచో అది ఒక నిట్. పూర్వపు టెలివిజన్ చిత్రములకు 100 నిట్ల తెల్లదనము ప్రమాణము. నడియెండలోని తెల్లకాగితమన్ననో 30,000 నిట్ల దరిదాపున వెలుగును. కావుననే తెరమీద ఆకాశము సున్నము కొట్టినట్లు తెల్లబారును, లేదా నీడ మసిబారును.

ఆట లోలోపల మాత్రము వెలుగు లెక్క విస్తారముగనే సాగవచ్చును. 2005లో వాల్వ్ సంస్థ 'హాఫ్ లైఫ్ 2: లాస్ట్ కోస్ట్' అను చిన్న ఆటలో ఈ విధానమును ప్రదర్శించినది. కాని ఆ లెక్కను తుదకు మామూలు తెరలో ఇముడునట్లు అణచవలసివచ్చెను. మా స్టూడియోలోను ఇట్టి పని కలదు. నాదస్వరపు మ్రోతను, నాటకములోని గుసగుసను ఒకే ప్రసారములో వినిపించుటకు మొదటిదానిని తగ్గించి రెండవదానిని పెంచుదుము.

2014లో 10,000 నిట్ల వరకు వెలుగును తెలుపగల ప్రమాణ మొకటి ఏర్పడెను. మరుసటి యేట 'హెచ్.డి.ఆర్. 10' వెలువడెను. ఒక్కొక్క మూలవర్ణమునకు మునుపు 256 మెట్లుండగా ఇందు 1,024 మెట్లు. 2016లో ప్లేస్టేషన్ 4, ఎక్స్‌బాక్స్ వన్ ఎస్ యంత్రములు దీనిని స్వీకరించినవి.

పాత ఆటకు ఈ సౌకర్యమును చేర్చుటలో పనులు మూడు. మొదటిది, తుది అణచివేతను సడలించుట. రెండవది, ఇంటి తెర యెంత వెలుగగలదో తెలిసికొని దానికి తగినట్లు హద్దు నిర్ణయించుట. ఒక తెర 400 నిట్లతో ఆగును, వేరొకటి 1,000 దాటును. మూడవది, అక్షరములను, పటములను చిత్రమునుండి విడదీసి మితమైన వెలుగున నిలుపుట. లేనిచో అక్షరమే సూర్యుడై కన్ను కుట్టును. టెలివిజన్ కార్యక్రమములకు అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ సూచించిన తెల్లదనము 203 నిట్లే.

సర్వమును మెరయించుటే ఈ విద్య యనుకొనుట పొరపాటు. ప్రతి ప్రమిదయు సూర్యుడైనచో దీపావళి యెక్కడిది? బండ బండగానే యుండవలెను. దానిలోని అభ్రకపు తునక మాత్రమే తళుక్కుమనవలెను. నీడ నీడగానే యుండి, అందలి మెట్టు కానరావలెను.

మరియొక ధర్మము కలదు. కోటగోడ నీడలో పొంచియున్న శత్రువు క్రొత్త తెరమీదనే కనబడి, పాత తెరమీద చీకటిలో కలిసిపోయినచో, ఆటలో గెలుపు నేర్పునకు గాక ధనమునకు దక్కును. కావున పాత తెరకు వలసిన చిత్రమును వేరుగా, అంతే శ్రద్ధతో దిద్దవలెను. ఖరీదైన తెర లేని యింటి పిల్లవానికి తళుకు తగ్గిన తగ్గవచ్చును. ఎదుట నున్నది కనబడకపోరాదు.