దవడ కట్టాక నొప్పిని ఎలా అడగాలి?



మా నందిగామ, జగ్గయ్యపేటల మీదుగా 65వ నంబరు జాతీయ రహదారి పోతుంది. అలాంటి రోడ్ల మీద బండి జారి, గడ్డం నేలకు కొట్టుకుని దవడ విరిగినవాళ్లు రేపు కొత్త డాక్టర్లైన మీ దగ్గరికే వస్తారు. మీరు ప్లేట్లు బిగిస్తుంటే తలాపున మత్తు డాక్టరుగారు తెరమీద ఏం చూస్తున్నారో కాస్త అడిగి తెలుసుకోండి.

మత్తులో మనిషికి నొప్పి తెలియదు గాని, ఎముకకు డ్రిల్లు తగలగానే ఒళ్లు ఉలిక్కిపడుతుంది. గుండె వేగం, బీపీ పెరగడం చూసి ఫెంటనిల్ మోతాదు అంచనా వేయడం పాత పద్ధతి. ఇప్పటి ఏఎన్ఐ (అనాల్జీసియా నోసిసెప్షన్ ఇండెక్స్) మానిటరు గుండె చప్పుళ్ల మధ్య ఎడం ఊపిరితో ఎలా మారుతోందో లెక్కగట్టి 0 నుంచి 100 దాకా అంకె చూపిస్తుంది. 50 కిందికి దిగితే నొప్పిమందు చాలడం లేదేమోనని చూడాలి. మందు ఎక్కువైనా చేటే: మెలకువ వచ్చాక వాంతులవుతాయి. దవడలు వైర్లతో కట్టేసిన మనిషికి వాంతి ప్రాణం మీదికి తెస్తుంది. మంచం పక్కన వైరు కట్టర్ పెట్టేది అందుకే. అయితే అట్రోపిన్ ఇచ్చినప్పుడు, గుండె లయ తప్పినప్పుడు ఆ అంకెను నమ్మకండి.

దేన్ని చూడాలన్న తగవు మనవాళ్లకు పాతదే. 1888, 1889లలో హైదరాబాదులో ఎడ్వర్డ్ లారీ నడిపిన క్లోరోఫాం కమిషన్లు నాడిని వదిలి ఊపిరిని కనిపెట్టమన్నాయి. క్లోరోఫాం గుండెనే నేరుగా ఆపగలదని 1911లో గుడ్‌మన్ లెవీ చూపించాడు. ఊపిరిని గమనించమన్నది మంచిమాటే, నాడిని వదిలేయమనడంతోనే వచ్చింది చిక్కు.

ఏఎన్ఐ మానిటరు రోగి వెంట ఇంటికి రాదు. బయట మిగిలేది నోరు తెరవలేని మనిషి. సున్నా నుంచి పది దాకా వేళ్లు చూపమనండి, పలకా బలపం ఇవ్వండి. వాపు రెండు మూడు రోజులకు గాని ముదరదు, అప్పటికి ఆయన ఇంట్లో ఉంటాడు. మెడికల్ షాపులో అడిగితే కిడ్నీకి చేటు చేయగల నొప్పి బిళ్లలు చేతిలో పెడతారు. మా జిల్లాలోనే ఏ.కొండూరు తండాల్లో కిడ్నీ జబ్బు ఎంతమందిని పీడిస్తోందో మీకు తెలుసు. క్రియాటినిన్ చూడకుండా డైక్లోఫెనాక్ రాయకండి. పారాసిటమాల్ వేళకు వేయమనండి, అదీ సిరప్పే. పళ్లు కట్టేసి బిళ్లలు రాసిచ్చే డాక్టర్లు ఇంకా ఉన్నారు మరి!

మూడోరోజు మీరే ఫోన్ చేయండి. ఆయన మాట్లాడలేడు కదా, చీటీలో ఇంట్లోవాళ్ల నంబరు కూడా రాసుకోండి.