సముద్రం దాటిన మన గిత్త
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

మన సోషల్ పుస్తకంలో కొలంబస్ ఉన్నాడు గానీ ఆయన ఓడెక్కిన గుర్రాలు లేవు. 1493లో రెండో ప్రయాణంలో ఆయన గుర్రాల్ని వెంట తీసుకెళ్లాడు. అసలు గుర్రం జాతి పుట్టిందే ఉత్తర అమెరికాలో. సుమారు 10 వేల ఏళ్ల కిందట అక్కడ అంతరించిపోయింది. అంటే స్పెయిన్ ఓడల్లో పుట్టింటికే చేరిందన్నమాట! 1519లో కోర్టెస్ మెక్సికోలో దింపినవి 16 మాత్రమే. ఆ తర్వాత రెండు వందల ఏళ్లు గడిచేసరికి, కుక్కల చేత సామాను లాగించుకుంటూ కాలినడకన అడవిదున్నల్ని వేటాడిన మైదానాల ప్రజలు గుర్రమెక్కారు. వేట, యుద్ధం, కలిమిలేముల లెక్క అన్నీ మారిపోయాయి.

గోల్కొండ సుల్తానుల కాలంలో మన బందరు రేవులోనూ పర్షియా గుర్రాలు దిగేవి. అవి సైన్యానికీ దొరలకీ. రైతు కొష్టంలో ఉన్నది ఎద్దు. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాక ఈ డెల్టాలో దుక్కి, నూర్పిడి, మిల్లుకు ధాన్యం తోలటం అంతా ఎద్దులూ దున్నపోతుల మెడ మీదే నడిచింది. వాటిలో రాజసం ఒంగోలు గిత్తది.

ఆ గిత్త కూడా అమెరికా ఖండానికి వెళ్లింది. పందొమ్మిదో శతాబ్దంలోనే బ్రెజిల్ చేరటం మొదలుపెట్టింది. అప్పట్లో ఒంగోలు నెల్లూరు జిల్లాలో ఉండేది కాబట్టి అక్కడ దాని పేరు ‘నెలోర్’ అయింది. 1960ల మొదట్లో వెళ్లిన ఆబోతుల్లో ఒంగోలు దగ్గరి కరవది ఊరిదొకటి. ఊరి పేరే దాని పేరుగా బ్రెజిల్ వంశావళి పుస్తకాల్లోకెక్కింది.

ఎందుకు నిలదొక్కుకుంది? ఐరోపా పశువులు ఆ ఎండకీ పిడుదులకీ తాళలేకపోయాయి. మనదానికి తెల్లటి పొట్టి వెంట్రుక, దాని కింద నల్లటి చర్మం, వదులైన గంగడోలు. ముతక గడ్డి తిన్నా ఒళ్లు చేస్తుంది. ఇప్పుడు బ్రెజిల్‌లో 20 కోట్లకు పైగా పశువులున్నాయి, అందులో పెద్ద వాటా నెలోర్ రక్తానిదే. 2023లో వియాటినా-19 అనే ఆవుకు 40 లక్షల డాలర్లకు పైగా విలువ కట్టారు.

అయితే అక్కడ దాన్ని పెంచేది మాంసానికి. మేత బయళ్ల కోసం అమెజాన్ అడవి కూడా నరికారు. మనం పసుపు కుంకుమ పెట్టి మొక్కిన జీవం వధ్యశాల పుణ్యాన వృద్ధి చెందింది. చేదుగా ఉన్నా ఇది నిజం. ఇక్కడేమో ట్రాక్టరు రాగానే కాడి దిగింది. పాలు గేదెలు ఇస్తున్నాయి. ఇక గిత్తకు పనేది? దివిసీమలో అంతకుముందే 1977 నవంబరు 19 ఉప్పెన కొష్టాలకు కొష్టాలే ఊడ్చేసింది. గుడివాడలో సంక్రాంతి బండలాగుడు పోటీలకు జనం విరగబడి వస్తారు, సంతోషమే. కానీ పందెపు జతను మేపగలిగేది కాస్త కలిగినవాళ్లు. పోటీలతోనే జాతి నిలుస్తుందంటే నేను నమ్మను. చిన్నరైతు ఇంట్లో ఆవు పాలిస్తూ దూడనివ్వాలి. గుంటూరు దగ్గర లాం ఫారంలో ఈ జాతి మీద పని జరుగుతోంది. మన బ్యాచుల్లో పశువైద్యులు ఉన్నారు, దాణా వ్యాపారులు ఉన్నారు, అమెరికాలో స్థిరపడినవాళ్లూ ఉన్నారు.

ఇంట్లో ఇంకా ఒంగోలు ఆవు ఉన్నవాళ్లెవరైనా ఉంటే భోజనాల దగ్గర నాకు కనిపించండి. ఎన్ని ఉన్నాయో ఈ రోజే రాసుకుందాం.